మేకపేగు నారి, నాయన భుజం

మా తమ్ముడు ఖాసిం నరసరావుపేటలో కొత్తగా తెరిచిన పరుపుల కొట్టు ముందు కట్టిన ఫ్లెక్సీ పచ్చి అబద్ధం. అందులో మా నాయన నిలువెత్తున నవ్వుతుంటాడు. భుజాన దూదేకే విల్లు ఉంటుంది. కింద ఎర్రటి అక్షరాల్లో ‘బిడ్డ చదువు కోసం విల్లు దించిన తండ్రి’ అని రాసి ఉంటుంది. ఆ బిడ్డను నేనే. మా నాయన నా చదువు కోసం విల్లు దించలేదు. బంధువుల్లో కొంచెం లోకజ్ఞానం ఉందనుకునేవాళ్ళు చెప్పే రెండో కథ ఒకటుంది, దూదేకే మిషన్లు వచ్చి ఆయన పొట్టకొట్టాయని. అదీ నిజం కాదు. మాచర్లలో మొదటి మిషన్ పెట్టేనాటికే మా ఇంట్లో విల్లు మోగి రెండేళ్ళు దాటింది. మా నాయన కుడి భుజం ఆగిపోయింది కాబట్టి విల్లు ఆగిపోయింది. ఆ భుజం ఎందుకు ఆగిందో చూసినవాళ్ళలో ఇప్పుడు బతికున్నది నేనొక్కదాన్నే. అందుకే కొట్టు తెరిచిన రోజున ఆ బొమ్మ కింద నిలబడి ఫొటో దిగమంటే దిగనన్నాను.

“ఏందక్కా నీ గోల? నాయన్ని పొగిడామే గానీ తిట్టామా?” అన్నాడు ఖాసిం.

“ఉన్నదానికి పొగుడు. లేనిది అతికించబాక.”

“పొద్దున ఒకాయన అది చదివి కళ్ళు తుడుచుకున్నాడక్కా. తుడుచుకోని రెండు దిళ్ళు కొనుక్కుపోయాడు.”

“దిళ్ళమ్ముకోటానికి వేరే బొమ్మ చూసుకో.”

వాడు చుట్టాల వైపు తిరిగి, “లెక్చరర్ గదా, ఇంట్లో గూడా తప్పులు దిద్దుద్ది” అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ. పాతికేళ్ళుగా డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నాను, తప్పు కనిపిస్తే దిద్దడానికే నాకు జీతం ఇస్తున్నారు. ఈ తప్పు మాత్రం జీతం లేకుండానే దిద్దుతాను.

మాచర్లలో మాది రెండు గదుల నాపరాళ్ళ ఇల్లు. ముందు గది మనుషులకంటే దూదికే ఎక్కువ చెందింది. దూలానికి కట్టిన తాడుకి మనిషంత విల్లు వేలాడుతుండేది, ఎండాకాలంలో నాయన దాన్ని భుజాన వేసుకుని ఊళ్ళు కూడా తిరిగేవాడు. దాని నారిని దూదిలో దించి, నాయన కుడిచేత్తో చెక్క గుండుతో కొట్టేవాడు. టంయ్‌మని ఒక మోత, వెంటనే దూది పొగలా లేచేది. మూతికి గుడ్డ కట్టుకున్నా ఆయన కనుబొమలు మధ్యాహ్నానికి ముసలివాళ్ళవి అయ్యేవి. పప్పులో దూది, మంచినీళ్ళ కుండ మీద దూది, నా లెక్కల పుస్తకంలో దూది. మా అమ్మ ఒక మూల కూర్చుని జనం తెచ్చిన పాత పరుపుల కుట్లు విప్పేది. ఏ ఇంట్లో పిల్లలు పక్క తడుపుతారో, ఏ ఇంట్లో వేపనూనె రాసుకుంటారో, ఎవరింట్లో రోగిష్టి మనిషి ఉన్నాడో వాసన చూసి చెప్పగలిగేది, కానీ చెప్పేది కాదు. ఆ ఇంటి వాసన ఏమిటని ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే పత్తిగింజ నూనె, దుమ్ము, వీటన్నిటి అడుగున తడి పేగు వాసన అని చెబుతాను. ముక్కు మూసుకోవాలనిపించేవాళ్ళు మూసుకోండి. నాకు అది ఇంటి వాసన.

ఎందుకంటే విల్లుకు కట్టే నారి మేకపేగుతో చేసింది. అది మా నాయనమ్మ పని. ఆమె ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. కసాయి కొట్టు నుంచి పేగు తెచ్చి, నీళ్ళలో నానబెట్టి, చెక్క మీద పరిచి, మొద్దు కత్తితో గీకేది. లోపలి జిగురు పోవాలి, పైన కొవ్వు పోవాలి, కండ పోవాలి. అన్నీ పోయాక తెల్లగా, పలచగా, ఉల్లిపొరలాంటిది ఒకటి మిగిలేది. “ఇదమ్మాయ్ అసలు సరుకు. పైదంతా కూరకు పనికొస్తది, ఇది పనికి పనికొస్తది” అనేది. ఆ పొరల్ని పసుపునీళ్ళలో ముంచి, మూడు పేటలు కలిపి పేని, రెండు గుంజల మధ్య లాగి కట్టి, నీడన ఆరబెట్టేది. ఎండలో పెడితే పగులుతుందని. ఆరేదాకా కాకులు రాకుండా కాపలా నాది. ఆరాక దాన్ని వేలితో మీటేది, చెవి దగ్గర పెట్టుకుని వినేది. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే విల్లు దగ్గరికెళ్ళి ఒకసారి మీటి, “ఇయ్యాల మబ్బుంటది, నారి మెత్తబడింది” అనేది. మబ్బు ఉండేది కూడా. వానాకాలంలో నారి తడి పీల్చి సాగేది. అప్పుడు దాన్ని విప్పి, పొయ్యి దగ్గర సెగ చూపించి, బిగించి కట్టేది. “వదులైన నారి దూదిని కొట్టదే, ముద్దు పెట్టుకుంటది. తడిస్తే వదులు, ఆరితే బిగువు. గుర్తుపెట్టుకో.” గుర్తుపెట్టుకున్నాను. అదే మా కొంప ముంచింది, ఆ సంగతికి వస్తాను.

ఇంటర్ మొదటి సంవత్సరంలో సంయోజక కణజాలం పాఠం వచ్చింది. శరీరంలో ఒకదాన్ని ఒకదానికి కలిపి పట్టుకునే సరుకంతా అందులోదే. కండను ఎముకకు కట్టే స్నాయుబంధనం, ఎముకను ఎముకకు కట్టే సంధిబంధనం, చెవి డొప్పలో ఉండే మెత్తటి ఎముక, చర్మం కింద పొర, అన్నీ. మిగతా పిల్లలు ఆ పేర్లు బట్టీ పట్టలేక ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చింది. సూక్ష్మదర్శినిలో స్లైడు పెట్టి, అలలు అలలుగా ఉన్న తెల్లటి పోగుల్ని చూపించి, “ఇవి ఎంత బలమైనవో ఎవరైనా ఊహించగలరా?” అని సారు అడిగారు. నేను లేచి, “మా నాయన పొద్దుట్నించి సాయంత్రందాకా గుండుతో కొట్టినా తెగవు సార్” అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. సారు నవ్వలేదు, కూర్చోమనలేదు, ఎలాగో చెప్పమన్నారు. చెప్పాను. పేగు గీకితే మిగిలే పొర గురించి, పేనడం గురించి, తడి గురించి. “మీ నాయనమ్మ చేతిలో ఉండేది కొల్లాజెన్” అన్నారు ఆయన. ఇంటికొచ్చి నాయనమ్మకు చెప్తే, “దానికి పేరు గూడా పెట్టారా? పెట్టినోడు ఒక్కసారన్నా గీకాడంటనా?” అంది. గుడిసెలో పుట్టి చదువు వెలుగులోకి వచ్చినదాన్నని సభల్లో నన్ను పరిచయం చేసేవాళ్ళకు ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. నా మొదటి ప్రయోగశాల ఆ ముందు గది. అక్కడ నుంచి నేను తప్పించుకుని రాలేదు. అక్కడ నేర్చుకున్నదే ఇప్పటికీ చెప్పుకుని బతుకుతున్నాను.

మరుసటి ఏడు శ్రావణంలో మెయిన్ బజారు శెట్టిగారింట్లో పెళ్ళి. ఆరు పరుపులు కావాలన్నారు. పదిరోజులు విల్లు ఆగకుండా మోగింది. తోపుడుబండి మీద పరుపులు పేర్చి, నాయన ముందు లాగుతూ, నేను వెనక పరుపుల మీద కప్పిన పట్టా పట్టుకుని తోస్తూ బయల్దేరాం. సగం దారిలో వాన దంచింది. గోతిలో చక్రం పడి బండి ఒరిగింది, పైనున్న పరుపు మురుక్కాలవ వైపు జారింది. తడిసిన దూది పరుపు ఎంత బరువుంటుందో ఎత్తినవాళ్ళకే తెలుసు. నాయన ఒంటి చేత్తో దాన్ని పట్టి వెనక్కి గుంజాడు. పరుపు ఆగింది. ఆయన భుజంలో ఏదో టక్కుమనడం, ఆ వానలో కూడా, నాకు వినిపించింది. “ఏందో తెగిందమ్మాయ్” అన్నాడు. అదీ చాలా మామూలుగా, విల్లు మీది నారి తెగినప్పుడు చెప్పినట్టే చెప్పాడు.

పరుపులు దించేసి అటునుంచి అటే ఆస్పత్రికి వెళ్ళాం. రేకుల షెడ్డు, పైన వాన మోత. నాయన బల్ల మీద కళ్ళు మూసుకుని, పళ్ళు బిగబట్టి కూర్చున్నాడు. డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, ఇంటర్ చదువుతున్నానంటే నా వైపు తిరిగి చెప్పాడు: “పూర్తిగా తెగలేదమ్మా. స్నాయుబంధనం కొంత చిరిగింది. పది రోజులు మెళ్ళో గుడ్డ వేసి చెయ్యి అందులో పెట్టండి. ఆ తర్వాత ముందుకు వంగి, చెయ్యి కిందికి వేలాడేసి, బావిలో చేద ఊగినట్టు మెల్లిగా ఊపించాలి. రోజూ. ఇది నీ బాధ్యత, మర్చిపోకు.” నేను తలూపాను. మర్చిపోలేదు కూడా. చాలామంది అలా అనుకుని నన్ను క్షమించబోతారు కాబట్టి ఇక్కడే చెప్తున్నాను. నేను మర్చిపోలేదు.

ఇంటికొచ్చి నాయనను ముందు గదిలో పడుకోబెట్టి, వంటింట్లో అమ్మకు, నాయనమ్మకు డాక్టరు మాట చెప్పాను. నాయనమ్మ కయ్యిమంది. “ఊపాలా? చిరిగిన నారిని ఎవడన్నా మోగిస్తాడా? తడిలో నాని వదులైంది, సాగింది, చిరిగింది. ఆరబెట్టాలి, బిగించాలి. నలభై రోజులు కదలగూడదు.” అమ్మ, “డాక్టరు చదువుకున్నోడు గదా అత్తా” అని నసిగింది. అప్పుడు ఇద్దరూ నా వైపు చూశారు. ఆ ఇంట్లో మొదటిసారి నా మాటకు తూకం వచ్చింది. పుస్తకం తెచ్చి తీశాను. స్నాయుబంధనాలకు రక్తనాళాలు తక్కువ కాబట్టి దెబ్బ తగిలితే నెమ్మదిగా మానుతాయని రెండు వాక్యాలున్నాయి. అంతే ఉంది. కదపొద్దని లేదు, కట్టెయ్యమని లేదు. నెమ్మదిగా మానేదాన్ని పదిరోజులకే ఊపితే ఇంకా చిరుగుతుందని నేనే లెక్క కట్టాను. “పుస్తకం ప్రకారం నాయనమ్మ చెప్పిందే సరైందమ్మా” అన్నాను. నాయనమ్మ మొహం విప్పారింది. “చూశావటే? బుక్కు గూడా నా మాటే జెప్తంది” అని నా తల నిమిరింది. ఎన్నేళ్ళుగానో నా చదువును వెక్కిరించిన మనిషి. ఆ చెయ్యి తల మీద పడిన సుఖం ఇప్పటికీ గుర్తుంది, ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి భుజానికి పట్టు వేసింది. దాని మీద వేడి ఉప్పు మూట. చేతిని మడిచి, పక్కటెముకలకు ఆనించి, పరుపుగుడ్డ చింపి ఒంటి చుట్టూ చుట్టింది. ముడులు నేను వేశాను, నాకు బలం ఎక్కువని. తేమ తగలకుండా ఆయన్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టారు, అచ్చం నారికి సెగ చూపించినట్టే. ఖాసిం అప్పుడు గురజాలలో మా అత్త దగ్గర ఉండి బడికెళ్తున్నాడు, వాడు ఇవేవీ చూడలేదు. నాయన ఎడమచేత్తో అన్నం తింటూ, “ఈ వయసులో మళ్ళీ అన్నప్రాసన” అని నవ్వించేవాడు. పదిహేనో రోజున కాలేజీ నుంచి రాగానే నన్ను పిలిచాడు.

“అమ్మాయ్, ఒక్కసారి ఇప్పి చూద్దామా? నొప్పి తగ్గింది గానీ లోపలేందో గూడు కట్టుకుంటన్నట్టుంది.”

“కదిపితే మొత్తం తెగుద్ది నాయనా. ఇంకా ఇరవై ఐదు రోజులు.”

“ఒకింత వదులన్నా చెయ్యి.”

“వదులు చేస్తే ఎట్టా? బిగువు మీదే అతుక్కోవాలి.”

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. “సర్లే. చదువుకున్నదానివి” అన్నాడు. నేను పాత ముడి విప్పి, ఇంకొంచెం లాగి, మళ్ళీ వేశాను.

నలభయ్యో రోజున నాయనమ్మ కట్టు విప్పింది. మినప్పిండి పెచ్చులు పెచ్చులుగా రాలింది. కండ కరిగి చెయ్యి సన్నబడింది. “ఎత్తరా” అంది. చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగింది. ఇంకా ఎత్తబోతే చెయ్యి కదల్లేదు, వీపు మీది రెక్క ఎముక మొత్తం లేచొచ్చింది. “కొత్త నారి గదమ్మా, సాగాలి” అని నవ్వాడు. ఆర్నెల్లు ప్రయత్నించాడు. గుండు ఎత్తి కొట్టడానికి భుజం తిరగాలి, అది తిరగదు. మోచేత్తో కొడితే నారి మూలిగేది, దూది ముద్దలుగానే ఉండేది. ఒకరోజు ఆయనే విల్లును దూలం మీంచి దించాడు. తర్వాత నూజెండ్ల నుంచి మా వృత్తివాడే ఒకాయన దాన్ని తీసుకెళ్ళడానికొచ్చి, “బంగారంలాంటి విల్లు, ఎందుకు ఇచ్చేస్తన్నావన్నా?” అని అడిగాడు. నేను తలుపు వెనకే ఉన్నాను. నాయనమ్మ అరుగు మీద వక్క నములుతోంది. “పిల్లను చదివిచ్చాలబ్బాయ్. నేను విల్లేసుకోని ఊళ్ళెంబడి తిరిగితే దాని బాగోగులు ఎవురు చూస్తారు?” అన్నాడు నాయన. నాయనమ్మ నమలడం ఆపింది. నా వైపు చూసింది. మళ్ళీ నమిలింది. ఆ పూట నుంచి ఊళ్ళో అదే కథ. అబద్ధాన్ని పుట్టించింది మా తమ్ముడు కాదు, మా నాయనే.

ఆ తర్వాత ఆయన కూర్చుని బొంతలు కుట్టాడు, అమ్మకు పోటీగా సన్నకుట్టు నేర్చుకున్నాడు, పోయేదాకా ఆ చేత్తో తల దువ్వుకోలేకపోయాడు. డిగ్రీ రెండో ఏడాదిలో నేను చదివాను, కీలు చుట్టూ ఉండే సంచిలాంటి పొర కదలిక లేకపోతే మందమై, కుంచించుకుపోయి, కీలును బిగించేస్తుందని. చచ్చిన మేక పేగు ఆరితే గట్టిపడి పనికొస్తుంది. బతికున్న మనిషి కీలు బిగిస్తే పనికిరాకుండా పోతుంది. మా నాయనమ్మకు మొదటిది తెలిసినంతగా ఏ ప్రొఫెసరుకూ తెలియదు. రెండోది ఆమెకు తెలియదు. నాకు చెప్పినవాడున్నాడు, నేను వినలేదు. ఈ సంగతి తెలిస్తే చుట్టాలు “ముసల్దాని మూఢత్వం” అని తేల్చేస్తారు. ఆ మాట నా ఎదుట అననివ్వను. ఆమె తనకు తెలిసిన విద్యను నమ్మింది. నేను నాకు తెలియనిదాన్ని పుస్తకంలో ఉందని చెప్పాను. ఇద్దరిలో ఎవరిది మూఢత్వం?

పోయినేడు నా ఎడమ భుజం పట్టేసింది. ఈ వయసు ఆడవాళ్ళకు, అందులో షుగరుంటే, మామూలేనట. నరసరావుపేటలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి నా పాత స్టూడెంటే. గోడ మీద వేళ్ళతో పైకి పాకించేది. నొప్పికి నా కళ్ళు తిరుగుతుంటే, “మేడం, ఈ పొర సంగతి మాకు పాఠం చెప్పింది మీరే గదా. మరి రెండు నెలలు కదపకుండా ఎందుకు కూర్చున్నారు?” అంది. నేను గోడ మీద వేళ్ళు ఇంకొంచెం పైకి పాకించాను. ఇప్పుడు స్కానింగులో లోపలి పొరలు కూడా బొమ్మ తీసి చూపిస్తున్నారు. ఎక్కడ చిరిగిందో, ఎంత చిరిగిందో కాగితం మీద వస్తుంది. బాగుంది. మా నాయనకు మాత్రం బొమ్మ లేకుండానే, చేత్తో తిప్పి చూసి, ఆ రేకుల షెడ్డులో ఒకాయన సరిగ్గానే చెప్పాడు. లోపం పరికరాల్లో లేదు.

కొట్టు వెనక గోడౌన్‌లో, ఫోమ్ పరుపుల మధ్య కూర్చోబెట్టి ఖాసింకి ఇదంతా చెప్పాను. పక్కటెముకల కట్టు సంగతి, ముడి సంగతి, అన్నీ.

“అయితే నీవల్లనా?”

“నావల్లే. నాయనమ్మవల్ల గూడా. కానీ నాయనమ్మకు ఎవరూ చెప్పలా, నాకు చెప్పారు.”

“ఇన్నేళ్ళూ ఎందుకు నోరిప్పలేదక్కా?”

“త్యాగం, త్యాగం అని అందరూ చప్పట్లు కొడతన్నారు. ఎవడన్నా అడిగాడంట్రా?”

“ఇప్పుడు ఇది చెబితే నాయన చిన్నబోడా?”

“ఎందుకు చిన్నబోవాలి? నాకోసం విల్లు దించిన మనిషికంటే, భుజం పోయినా బొంత కుట్టి నన్ను చదివించిన మనిషి తక్కువోడా?”

వాడు లేచి నిలబడి, నా మొహం చూడకుండా, “నాయనకు తెలుసా, డాక్టరు ఊపమన్నాడని?” అన్నాడు. నా దగ్గర జవాబు లేనిది దానికే. వాన మోతలో, నొప్పికి కళ్ళు మూసుకుని, నాకు మూరెడు దూరంలో కూర్చున్న మనిషి. వినలేదనుకుంటే నన్ను నమ్మి మోసపోయాడు, నా తప్పు నా ఒక్కదానిది. విన్నాడనుకుంటే పదిహేనో రోజున ఆయన అడిగింది నొప్పి ఓర్చుకోలేక కాదు, నాకు ఇంకొక అవకాశం ఇవ్వడానికి. నేను కాదన్నప్పుడు పదహారేళ్ళ పిల్ల మాట తీసెయ్యలేక ఊరుకున్నాడు. ఎవరినడగను? నాయనా, ఆ రోజు ఆ రేకుల కింద డాక్టరు నాతో చెప్పింది నువ్వు కూడా విన్నావా? వినే నా చేత ఆ ముడి వేయించుకున్నావా?